ఇంటి సంగతులు: ప్రెషర్ వాష్‌కు ఎంత ఇవ్వవచ్చు?

ప్రశ్న: మాది కొంపల్లిలో సొంత ఇల్లు, కట్టి పద్నాలుగేళ్ళయింది. ఈ వానాకాలానికి డాబా, ప్రహరీ గోడ నల్లగా పాకుడు పట్టిపోయాయి. కారు నిలిపే చోట తాండూరు బండల మీద మా అత్తగారు రెండుసార్లు జారబోయి స్తంభం పట్టుకుని నిలదొక్కుకున్నారు. సంక్రాంతికి అమ్మాయి, అల్లుడు వస్తున్నారని ప్రెషర్ వాష్, అంటే యంత్రంతో నీటిని గట్టి ఒత్తిడితో కొట్టి కడిగించడం, చేయించాలనుకుని ముగ్గురిని పిలిచాము. ఒకరు చదరపు అడుగుకు 4 రూపాయలు, రెండో వారు మొత్తం పనికి 9,000 రూపాయలు, మూడో వారు గంటకు 700 రూపాయలు అడిగారు. డాబా 1,200 చదరపు అడుగులు, కారు నిలిపే చోటు 600 చదరపు అడుగులు. ప్రహరీ గోడ పొడవు 140 అడుగులు, ఎత్తు 5 అడుగులు. పని ఎవరికి అప్పగించమంటారు?
ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కొలతలతో సహా రాసినందుకు ముందుగా ధన్యవాదాలు. కొలత లేకుండా ధర మాట్లాడుకోవడం వల్లనే ఈ పనిలో సగం తగాదాలు వస్తున్నాయి. మీ గోడ లోపలి వైపు మాత్రమే లెక్కిస్తే 700 చదరపు అడుగులు, డాబాతోనూ బండలతోనూ కలిపి 2,500 చదరపు అడుగులు అవుతుంది. మొదటి వారి ధర ప్రకారం ఇది 10,000 రూపాయల పని. వీధి వైపు గోడ కూడా కడగాలంటే 3,200 చదరపు అడుగులకు 12,800 రూపాయలవుతుంది. రెండో వారు అడిగిన 9,000లో గోడ ఒక వైపా, రెండు వైపులా అన్నది మీ ఉత్తరంలో లేదు. వారిని మొదట అడగవలసిన ప్రశ్న అదే.

గంట లెక్క పైకి చౌకగా కనిపిస్తుంది కానీ అది పూర్తిగా యంత్రం మీద ఆధారపడి ఉంటుంది. ఇళ్ళల్లో వాడే కరెంటు యంత్రంతో, పాకుడు గట్టిగా పట్టిన చోట, గంటకు 150 నుంచి 200 చదరపు అడుగులు మించి శుభ్రం కావడం నేను చూడలేదు. ఆ వేగంతో 2,500 చదరపు అడుగులకు పన్నెండున్నర గంటల నుంచి దాదాపు పదిహేడు గంటలు పడుతుంది, అంటే 8,750 నుంచి సుమారు 11,700 రూపాయలు. ముగ్గురి ధరలూ చివరికి ఒకదానికొకటి దగ్గరికే వస్తున్నాయి. కాబట్టి ఎవరు తక్కువ అడిగారన్నది పక్కన పెట్టి, ఆ ధరలో ఏమేమి కలిసి ఉన్నాయో ముగ్గురినీ ఒకే విధంగా అడగండి.

వాటిలో నీటి సంగతి ముఖ్యమైనది. డాబా మీది ట్యాంకు నుంచి దిగే నీటికి పది మీటర్ల ఎత్తుకు దాదాపు ఒక బార్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) ఒత్తిడి వస్తుంది. ఈ యంత్రాలు దానిని వంద బార్లకు పైగా పెంచి సన్నని ధారగా వదులుతాయి. పైపుతో కడిగినప్పటి కంటే గంటకు ఖర్చయ్యే నీరు తక్కువే అయినా, గంటలు ఎక్కువ కాబట్టి మొత్తం తక్కువేమీ కాదు. గంటకు 450 లీటర్లు తీసుకునే యంత్రం మీ ఇంటి పనికి 5,600 నుంచి 7,500 లీటర్ల వరకు తాగుతుంది. 5,000 లీటర్ల ట్యాంకరు ఒకటి తెప్పించినా చాలదన్న మాట. మీ బోరులో నీళ్ళు పుష్కలంగా ఉంటే ఈ పని ఇప్పుడే చేయించండి. వేసవికి వాయిదా వేస్తే ట్యాంకరు ఖర్చు అదనంగా మీద పడుతుంది. కరెంటు గురించి మాత్రం పేచీ పెట్టుకోనవసరం లేదు. 1.8 కిలోవాట్ల యంత్రం పదిహేడు గంటలు నడిచినా ముప్ఫై యూనిట్లు కాలుతుంది, యూనిట్ ఎనిమిది రూపాయలు వేసుకున్నా 250 రూపాయలు దాటదు. జీఎస్టీ నమోదు ఉన్న సంస్థ అయితే బిల్లు మీద 18 శాతం పన్ను పడుతుంది. పదివేల పనికి అది 1,800 రూపాయలు కాబట్టి, చెప్పిన ధరలో పన్ను కలిసి ఉందో లేదో ముందే తేల్చుకోండి.

ఇక నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది మీ తాండూరు బండల గురించి. మూడేళ్ళ క్రితం మా ఇంటి ముందు ఇలాంటి బండలనే 2,400 రూపాయలిచ్చి కడిగించాను. వచ్చిన కుర్రవాడు పాకుడు త్వరగా పోవాలని గన్ను మొనను బండకు జానెడు దూరంలో పెట్టి, బండల సందుల వెంబడి గీత గీసినట్టు లాగుకుంటూ పోయాడు. సాయంత్రానికి బండలు కొత్తవాటిలా నీలంగా తేలాయి, అందరమూ సంతోషించాము. నాలుగు రోజుల తరువాత చూస్తే ఆ సందుల్లో చీమలు ఎర్రమట్టి తోడి కుప్పలుగా పోస్తున్నాయి. పాకుడుతో పాటు సందుల్లోని సిమెంటు పాయింటింగ్ కూడా లేచిపోయిందని అప్పుడు అర్థమైంది. మేస్త్రీని పిలిపించి మళ్ళీ పాయింటింగ్ చేయించడానికి 3,500 రూపాయలైంది. అంటే నాకు ఆ వాష్ ఖరీదు 2,400 కాదు, 5,900.

అందువల్ల పని మొదలుపెట్టే ముందు నాజిల్, అంటే గన్ను చివర బిగించే మొన, ఏ రంగుదో చూడండి. చాలా యంత్రాలకు వచ్చే నాజిళ్ళలో ఎరుపు రంగుది సూది మొనలాంటి తిన్నని ధారను, పసుపుది 15 డిగ్రీలు, ఆకుపచ్చది 25 డిగ్రీలు, తెల్లది 40 డిగ్రీలు విప్పారే ధారను ఇస్తాయి. ఇంటి పనికి ఎరుపు దానిని అసలు బిగించనివ్వకండి. బండలకు ఆకుపచ్చది, గోడకు తెల్లది చాలు. మొన కనీసం అడుగు దూరంలో ఉండాలి. ముందుగా ఎవరి కంటా పడని ఒక మూలలో రెండు బండలు కడిగించి, సందుల్లో వేలు పెట్టి చూసి, సిమెంటు గట్టిగా ఉంటేనే ముందుకు వెళ్ళమనండి. బోరు నీటి వల్ల పడిన తెల్లని ఉప్పు చారలు నీటి ఒత్తిడికి పోవు. అప్పుడు యాసిడ్ పోద్దామంటారు, ఒప్పుకోకండి. తాండూరు బండ సున్నపురాయి జాతిది. యాసిడ్ దాని పైపొరను తినేసి, నునుపు పోగొట్టి, మరుసటి ఏడు పాకుడు మరింత గట్టిగా పట్టేలా చేస్తుంది.

డాబా మీద వాటర్‌ప్రూఫ్ పూత ఉన్నట్లయితే అక్కడికి యంత్రం తీసుకువెళ్ళనే వద్దు. అంత ఒత్తిడికి పూత పెచ్చులుగా లేచిపోతుంది. బ్లీచింగ్ పౌడరు నీళ్ళలో కలిపి చల్లి, పావుగంట ఆగి, గట్టి పీచు బ్రష్‌తో తోమి కడిగితే పాకుడు వదులుతుంది. బ్లీచింగ్ పౌడరుకు యాసిడ్ మాత్రం ఎన్నడూ తగలకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులకు ప్రమాదం చేస్తుంది. డాబా తీసేస్తే మీకు యంత్రంతో పని 1,300 చదరపు అడుగులకే మిగులుతుంది, 4 రూపాయల లెక్కన 5,200. ఒకవేళ ఈ ఏడాది గోడలకు రంగు వేయించే ఉద్దేశం ఉంటే గోడ కూడా ఇప్పుడు వదిలేయండి. గోడ గీకి కడగడం సాధారణంగా రంగుల మేస్త్రీ ధరలోనే కలిసి ఉంటుంది, ఒకే పనికి రెండుసార్లు డబ్బు ఇవ్వవద్దు. అత్తగారు జారబోయిన బండల వరకు మాత్రం ఆలస్యం చేయకండి, ఈ వారమే చేయించండి.

ప్రశ్న: రాజమహేంద్రవరంలో మా తాతగారు కట్టించిన మంగుళూరు పెంకుటిల్లు ఉంది. నాయనమ్మ అందులోనే ఉంటున్నారు. పెంకులు నల్లబడ్డాయని, యంత్రంతో కడిగి ఎర్రగా చేసి ఇస్తామని 6,000 అడుగుతున్నారు. ఇవ్వవచ్చా?
ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఇవ్వకండి. మంగుళూరు పెంకు ఒకదాని మీద ఒకటి కొక్కెం పడేలా రీపర్ల (సన్నని కర్ర బద్దల) మీద పేర్చినది. పై నుంచి కిందికి జారే వాన నీటిని ఆపడానికే ఆ అమరిక. కింది నుంచి పైకి, పక్క నుంచి దూసుకువచ్చే ధారకు అది తట్టుకోలేదు. నీరు పెంకుల అడుగుకు చేరి రీపర్లను, దూలాలను తడుపుతుంది. ఇన్నేళ్ళుగా ఎండా వానా తిన్న పెంకుల మీద మనిషి, బరువైన గొట్టంతో నడిస్తే పగిలేవి ఎన్నో ముందుగా ఎవరూ చెప్పలేరు. వాటికి సరిపోయే పాత అచ్చు పెంకులు ఇప్పుడు వెతికి తెచ్చుకోవడమూ కష్టమే. నల్లదనం వల్ల పెంకుకు వచ్చే నష్టం ఏమీ లేదు. ఆ 6,000 రూపాయలతో పెంకుటిళ్ళ పని తెలిసిన వారిని పిలిచి, పగిలినవి మార్పించి, జారినవి సర్దించి, పెంకుల మధ్య చేరిన ఆకులూ మట్టీ చీపురుతో తీయించండి. వానాకాలంలో నాయనమ్మగారి మంచం మీద చుక్క పడకుండా ఉంటుంది.

ప్రశ్న: మేము అమెరికాలో, టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాము. ఇంటి ముందు డ్రైవ్‌వే, గోడలు మురికిగా ఉన్నాయని మా కాలనీ సంఘం నోటీసు పంపింది. ఒకరు 350 డాలర్లు, మరొకరు 180 డాలర్లు అడుగుతున్నారు. మా నాన్నగారు ఇక్కడే ఉన్నారు, నీళ్ళు కొట్టడానికి ఇంత డబ్బా అంటున్నారు. తేడా ఎందుకుంటుంది?
ఒక పాఠకుడు, ఫ్రిస్కో

జవాబు: మీ నాన్నగారు అన్నదాంట్లో తప్పు లేదు. అయితే అక్కడ మీరు ప్రధానంగా చెల్లించేది నీళ్ళకు కాదు, మనిషి కష్టానికీ బీమాకూ. 350 అడిగిన వారికి లయబిలిటీ బీమా ఉందేమో, దాని ధ్రువపత్రం చూపగలరేమో అడగండి. 180 అడిగిన వారినీ అదే అడగండి. బీమా లేని మనిషి ధార కిటికీ అద్దానికి తగిలితే ఆ ఖర్చు మీదే. రెండో తేడా పద్ధతిలో ఉంటుంది. కాంక్రీటు డ్రైవ్‌వేకు ఒత్తిడి ఎక్కువ కావాలి. ఇటుక గోడకు, దాని సందుల్లోని మోర్టారుకు మాత్రం తక్కువ ఒత్తిడితో మందు నీరు చల్లి కడిగే సాఫ్ట్ వాష్ మేలు. రెండిటికీ ఒకే ధార వాడతానన్న వారిని వద్దనండి. కడిగిన నీరు వీధి కాలువలోకి పోతుందా అని కూడా అడగండి. అక్కడి వాన నీటి కాలువలు సాధారణంగా శుద్ధి లేకుండానే వాగుల్లో కలుస్తాయి, మందు కలిసిన నీటిని వాటిలోకి వదలడం తగదు. నోటీసులోని గడువు చాలకపోతే సంఘానికి రాతపూర్వకంగా రాసి పొడిగించమని కోరండి.

ప్రశ్న: మా ఇంటి ముఖభాగం కడగడానికి వచ్చిన వారు కిటికీ సందుల్లోంచి నీరు కొట్టారు. హాల్లోని స్విచ్‌బోర్డు కాలిపోయింది, గోడ రంగు ఉబ్బింది. 4,500 రూపాయలు ముందే తీసుకున్నారు, ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు. ఏం చేయాలి?
ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీకు జరిగినది సేవాలోపం కిందికి వస్తుంది. ఎలక్ట్రీషియన్ చేత మరమ్మతు చేయించే ముందు కాలిన బోర్డును, ఉబ్బిన గోడను తేదీ కనిపించేలా ఫొటోలు తీసి ఉంచండి. మరమ్మతుకు తప్పకుండా బిల్లు తీసుకోండి. డబ్బు ఫోను ద్వారా పంపి ఉంటే ఆ రసీదు, మాట్లాడుకున్న సందేశాలు చెరిపివేయకండి. ముందుగా వారికి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, పదిహేను రోజులు గడువివ్వండి. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. చాలా తగాదాలు అక్కడే పరిష్కారమవుతాయి. కాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే రుసుము ఉండదు, వకీలును పెట్టుకోవలసిన నిర్బంధమూ లేదు. నష్టం జరిగిన రోజు నుంచి రెండేళ్ళ వరకు గడువు ఉంది కానీ, తడిసిన గోడ ఆరిపోక ముందే ఫొటోలు తీయించుకోండి.