పేరొకటే, పేపర్లు వేరు

ప్రశ్న: డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. నేను రాసినవి 14 పరిశోధన పేపర్లే అయినా గూగుల్ స్కాలర్ (పరిశోధన పేపర్లను వెతికిపెట్టే గూగుల్ సేవ) ప్రొఫైల్లో 61 కనిపిస్తున్నాయి. అందులో కిడ్నీ జబ్బుల మీదవీ ఉన్నాయి! కొత్త పేపర్ పీడీఎఫ్‌ను వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపాను. అయినా ఆల్ట్‌మెట్రిక్ స్కోరు (పేపర్ గురించి ఇంటర్నెట్లో ఎంత చర్చ జరిగిందో చెప్పే అంకె) సున్నా. ఏం చేయాలి?
– పి.ఎల్.డి., కర్నూలు

జవాబు: ముందు పేరు సంగతి చూద్దాం. మనకు ఇంటిపేరు ముందుంటుంది, అదీ పొడి అక్షరంగా. జర్నళ్ల సాఫ్ట్‌వేరేమో చివరి మాటే ఇంటిపేరనుకుంటుంది. దాంతో లక్ష్మీదేవి గారు కాస్తా ‘దేవి పి.ఎల్.’ అయి కూర్చుంటారు. ఆ పేరున్న వాళ్లందరి పేపర్లూ మీ ఖాతాలో పడ్డాయి.

మీవి కానివాటికి టిక్కు పెట్టి డిలీట్ చేయండి. అంతటితో ఆగితే మళ్లీ అలాంటివే వచ్చి చేరతాయి. అందుకని ప్లస్ గుర్తు నొక్కి, ఆర్టికల్ అప్‌డేట్స్ సెట్టింగ్‌లో ఆటోమేటిక్‌ను వదిలేసి, ముందు ఈమెయిల్ పంపి అడగమనే ఆప్షన్ ఎంచుకోండి. మీ పేపరే రెండుసార్లు కనిపిస్తే రెండింటికీ టిక్కు పెట్టి మెర్జ్ చేయాలి.

ఇదంతా చేశాక హెచ్-ఇండెక్స్ (ఎన్ని పేపర్లను ఇతరులు కనీసం అన్నేసిసార్లు ఉదహరించారో చెప్పే అంకె) తగ్గుతుంది. తగ్గనివ్వండి. మీ పేపర్లకు వరసగా 22, 15, 9, 6, 5, 4 సైటేషన్లు (ఉదహరింపులు) ఉన్నాయనుకోండి: అయిదో పేపర్‌కు 5 ఉన్నాయి, ఆరోదానికి 6 లేవు, కాబట్టి మీ ఇండెక్స్ 5. ప్రమోషన్ ఇంటర్వ్యూలో కిడ్నీ పేపర్లకు సంజాయిషీ చెప్పుకోవడం కన్నా ఆ 5 వెయ్యి రెట్లు నయం.

ఇక ఆర్కిడ్ నంబరు (ఒక్కో పరిశోధకుడిని విడిగా గుర్తించే సంఖ్య) తీసుకోండి. ఉచితమే, 16 స్థానాలు. చివరిది ఒక్కోసారి ఎక్స్ అని ఉంటుంది, తప్పు కాదు. ఇప్పటిదాకా అచ్చయిన మీ పేరు రూపాలన్నీ ‘ఆల్సో నోన్ యాజ్’ దగ్గర చేర్చండి. ఇకపై పేపర్ పంపేటప్పుడల్లా ఒకే స్పెల్లింగు, ఈ నంబరు.

ఆల్ట్‌మెట్రిక్‌కు వాట్సాప్ కనిపించదు, మీ సొంత ఫేస్‌బుక్ గోడా కనిపించదు. వార్తాసైట్లు, బ్లాగులు, వికీపీడియా, ప్రభుత్వ విధాన పత్రాల్లాంటి బహిరంగ చోట్లనే వెతుకుతుంది. అక్కడా పేపర్‌ను పోల్చుకునేది ప్రధానంగా డీఓఐ (ఒక్కో పేపర్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) లింకుతోనే. గూగుల్ డ్రైవ్‌లోని పీడీఎఫ్ ఎంతమంది చదివినా లెక్కలోకి రాదు. ఎక్కడ పంచినా డీఓఐ లింకే ఇవ్వండి, విలేకరికి వివరాలిచ్చినా అదే. అయితే ఆ స్కోరు చెప్పేది ఎంతమంది మాట్లాడారన్నదే. తిట్టినా పెరుగుతుంది.

పేపర్ డబ్బు కడితేగానీ తెరుచుకోకపోతే, ఆమోదం పొందిన రాతప్రతిని జెనోడో అనే, పరిశోధన ఫైళ్లు దాచుకునే వెబ్‌సైట్లో ఉచితంగా పెట్టవచ్చు. ప్రచురణకర్త నిబంధన ముందు చూసుకోండి, చాలామంది కొన్నాళ్లు ఆగమంటారు. అప్‌లోడ్ చేసేటప్పుడు డీఓఐ ఉందా అని జెనోడో అడుగుతుంది. ఉందని చెప్పి పాతదే ఇవ్వండి. లేదంటే అది కొత్తది పుట్టిస్తుంది, ఒకే పేపర్ లెక్క రెండు ముక్కలవుతుంది. గూగుల్ స్కాలర్‌కు దొరకాలంటే ఫైలు 5 ఎంబీ దాటకూడదు, మొదటి పేజీలో శీర్షిక పెద్ద అక్షరాల్లో, దాని కిందే రచయితల పేర్లు ఉండాలి. జిరాక్సు షాపులో స్కాన్ చేయించిన పేజీలు పెడితే స్కాలర్‌కు అక్షరాలు కాదు, బొమ్మలే కనిపిస్తాయి.