గుల్‌మార్గ్ కథ రాస్తున్న తమ్ముడికి

తమ్మీ,

నీ కథ రాత్రే చదివాను. గొండోలా (తీగల మీద నడిచే కేబుల్ కారు) దిగగానే అఫర్వత్ కొండ మీద ఊపిరి అందకపోవడం, ఆ చలిగాలి, అన్నీ బాగా పట్టుకున్నావు. నాలుగో పేజీ మాత్రం మళ్లీ రాయాలి. స్కీలు, అంటే మంచు మీద జారడానికి కాళ్లకు కట్టుకునే పొడుగాటి పలకలు, వేసుకుని లోతు మంచులోకి దిగగానే నీ హీరో వెనక్కి వాలి, బరువంతా మడమల మీద వేసి హాయిగా జారిపోయాడని రాశావు. అలా జరగదు. స్కీయింగ్ తెలిసినవాళ్లు ఆ వాక్యం దగ్గరే ఆగిపోతారు, తెలియనివాళ్లకు కూడా ఎందుకో నమ్మకం కుదరదు.

స్కీ ముక్కు మంచులో కూరుకుపోతుందన్న భయంతో కొత్తవాళ్లంతా వెనక్కే వాలతారు. వాలితే ముందు భాగం మీద బరువుండదు, తిప్పుదామంటే స్కీ మాట వినదు, తొడలు కాసేపటికే మంటెత్తిపోతాయి. స్కీని పైకి తేల్చేది దాని వెడల్పు, వేగం. మనిషి పాదం మధ్యలో నిలబడాలి, మోకాళ్లు కొంచెం వంచి, కాలి ముందు ఎముక బూటుకు ఆనుతూ, చేతులు ఎదురుగా కనబడేలా.

ఇంకోటి, ఇదే అసలు సంగతి. గట్టిగా నొక్కిన మంచు మీద మలుపులో బరువు ఎక్కువగా బయటి కాలి మీద పడుతుంది. లోతు మంచులో అలా చేస్తే బయటి స్కీ దిగబడుతుంది, లోపలిది పైన తేలుతుంది, ఇక పడిపోవడమే. నాటు మడిలో ఒంటికాలి మీద బరువేస్తే ఏమవుతుందో నీకు తెలుసు కదా! అందుకే రెండు స్కీలూ దగ్గరగా పెట్టి, ఇంచుమించు సమానంగా తొక్కాలి.

పైగా నీ కథ మార్చి మధ్యాహ్నం, ఎండలో నడుస్తోంది. కొత్తగా పడిన పొడి మంచు ఘనపు మీటరుకు 50 నుంచి 100 కిలోలుంటే, తడిసిన మంచు 300 కూడా దాటొచ్చు. హైదరాబాద్‌లో ఇందిరా పార్కు దగ్గర స్నో వరల్డ్‌లో చూసిన కృత్రిమ మంచును బట్టి దీన్ని ఊహించకు. అంత బరువులో పాదాన్ని టక్కున తిప్పితే స్కీ కదలదు, మెలిక మోకాలికి వస్తుంది. కిందికి కుంగి, మెల్లగా పైకి లేచి, స్కీలు తేలికైన ఆ క్షణంలో తిప్పడం మొదలుపెట్టి, మలుపు గుండ్రంగా పూర్తయ్యేదాకా ఓపిక పట్టాలి. భయపడి వేగం మరీ తగ్గించినా అక్కడే ఇరుక్కుపోతాడు. ఈ కుంగడం, లేవడం, ఓపిక పట్టడం రాయి తమ్మీ, వాడి భయం దాంట్లోనే కనిపిస్తుంది. వెండి తివాచీలు, పాలనురుగులు తీసెయ్.

పడ్డాక ఊడిన స్కీని కింద వైపు వెతికించావు. చాలాసార్లు అది మనిషి పడి ఆగిన చోటికి పైనే, ఊడిన దగ్గరే మంచులో కూరుకుపోయి ఉంటుంది. పోల్‌తో, అదే చేతిలో ఉండే స్కీ కర్రతో, మంచును అడ్డంగా గీస్తూ వెతికించు, వాడి కంగారు చూపించడానికి నీకు ఇంకో అరపేజీ దొరుకుతుంది.

ఆదివారం కోఠి వైపు వస్తే ఆ పేజీ తిరగరాసి ప్రింటు తీసుకురా, ఫోన్‌లో చదవడం నా వల్ల కాదు.

అన్న