పాస్‌పోర్ట్ సైజు ఫొటో కోసం గ్యాలరీ మొత్తం ఇచ్చేస్తారా?

సందేహం: ఫోన్‌తో తీసిన ఫొటోలను ఇంట్లో 4×6 అంగుళాల కాగితం మీద ప్రింట్ తీస్తే తల పైభాగం తెగిపోతోంది. పాస్‌పోర్ట్ సైజువి కొలత తగ్గి వస్తున్నాయి. కత్తిరిస్తే అంచులు వంకర. అన్నీ చేసిపెట్టే ఉచిత యాప్ ఏదైనా ఉందా?

జవాబు: అడ్మిషన్లు, ఉద్యోగ దరఖాస్తుల సీజన్ వచ్చిందంటే ఈ ప్రశ్న రాక మానదు. ఫోన్ ఫొటో సాధారణంగా 4:3 నిష్పత్తిలో ఉంటుంది, మీ కాగితం 3:2. బోర్డర్‌లెస్ (అంచుల్లో తెల్ల ఖాళీ లేకుండా ప్రింట్) పెడితే దాదాపు తొమ్మిదో వంతు బొమ్మ కాగితం బయటికి పోతుంది. ముందే 3:2కి మీరే క్రాప్ చేసుకోండి, తల పైన కాస్త ఖాళీ వదలండి.

కొలత తగ్గడానికి కారణం ప్రింట్ సెట్టింగ్స్‌లో ఉండే ‘ఫిట్ టు పేజ్’, అంటే బొమ్మను కాగితానికి సరిపోయేలా మార్చేయడం. అది తీసేసి ‘యాక్చువల్ సైజ్’ లేదా 100 శాతం పెట్టండి. 35×45 మిల్లీమీటర్ల ఫొటోలు ఒక షీట్‌లో 8 పడతాయి. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ఒక్కోటి 413×531 పిక్సెల్స్. జనానికి కొలత ముఖ్యమని తెలిసి కూడా ఈ సెట్టింగ్‌ను మూడు మెనూల లోపల దాచి, అప్‌డేట్ వచ్చినప్పుడల్లా చోటు మార్చే ప్రింటర్ సాఫ్ట్‌వేర్‌లంటే నాకు ఒళ్లు మండుతుంది.

కటింగ్‌కి కత్తెర వద్దు. ఇంకు బాగా ఆరాక స్టీల్ స్కేలు, కట్టర్ తీసుకోండి. స్కేలు ఫొటో మీదే ఉండాలి, అప్పుడు బ్లేడు జారినా పారేసే ముక్క మీదికే పోతుంది.

ఇక యాప్. నా టెన్షన్ అంతా దీని గురించే. ఒక్క ఫొటో వెనక గోడను తెల్లగా మార్చడానికి గ్యాలరీ మొత్తం చూసే పర్మిషన్ ఎందుకు? మన గ్యాలరీలో ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, సంతకం, పిల్లల ఫొటోలు అన్నీ ఉంటాయి. మీ పేరుతో మోసం చేయాలనుకునేవాడికి కావాల్సినవన్నీ ఒకేచోట దొరికినట్టే. పైగా ఇలాంటి యాప్‌లలో కొన్ని ఫొటోను తమ సర్వర్‌కి (కంపెనీ కంప్యూటర్‌కి) పంపించుకుని అక్కడ మారుస్తాయి. యాప్ తీసేసినంత మాత్రాన అక్కడికి వెళ్లింది వెనక్కి రాదు.

ఆండ్రాయిడ్ 14, ఐఓఎస్ 14 నుంచి ఎంచుకున్న ఫొటోలకే అనుమతి ఇచ్చే వీలుంది. పాత యాప్‌లకి ఇచ్చేసిన పర్మిషన్లు ఈరోజే సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూడండి. అసలు పగటి వెలుతురులో తెల్ల గోడ ముందు నిలబడితే ఆ యాప్ అవసరమే ఉండదు.

షాపుకి వెళ్లినా ఇదే జాగ్రత్త. అక్కడి కంప్యూటర్‌లో ఊళ్లోవాళ్ల ఆధార్ కాపీలన్నీ తెరిచి పడి ఉంటున్నాయి. పెన్‌డ్రైవ్‌లో ఆ ఒక్క షీటే పెట్టుకెళ్లండి. ప్రింట్ అయ్యాక ఫైలును మీ ముందే డిలీట్ చేయించండి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా.