70 ఏళ్ల లెక్క తప్పించుకోకు

తమ్ముడూ,

బైబిల్లోని యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. మీకు మేలు, నిరీక్షణ కలగాలన్నదే నా ఉద్దేశం అని దేవుడు చెప్పే 11వ వచనాన్ని అడుగడుగునా ఎత్తి రాశావు. ఆ వచనం మా ఇంటి గోడ మీది క్యాలెండరులోనూ ఉంది. వాగ్దానంగా చదువుకుంటే తప్పేమీ లేదు. వ్యాసం రాయాలంటే మాత్రం ఒక్క మెట్టు దిగి 10వ వచనం చూడాలి. బబులోను చెరలో 70 సంవత్సరాలు నిండాకే దేవుడు తన జనాన్ని తిరిగి రప్పిస్తాడని అక్కడ ఉంది. నీ వ్యాసంలో ఆ అంకె లేనే లేదు.

అది ఉత్తరమన్న సంగతి మరిచిపోకు. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు, యూదా రాజు యెకొన్యాను, శిల్పకారులను, కంసాలులను బబులోనుకు పట్టుకుపోయాడు. వాళ్లకు యెరూషలేము నుంచి ప్రవక్త యిర్మీయా పంపిన జాబు అది. ఆ యెరూషలేములోనే హనన్యా అనే మరో ప్రవక్త, రెండేళ్లలో అందరూ తిరిగొస్తారని చెప్పి బబులోనుకు లోబడాలన్న గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని విరిచేశాడు. ఎవరి మాట జనానికి తీపిగా ఉంటుందో చెప్పాలా? జాబు విన్న నడివయసు కంసాలికి లెక్క తెలిసిపోయి ఉంటుంది: తాను వెళ్లడు, మనవలు వెళితే వెళ్లవచ్చు.

అంత చేదు కబురు చెప్పి, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి అన్నాడు. చెరపట్టిన పట్టణం క్షేమం కోసమే ప్రార్థించమన్నాడు. నా మట్టుకు నాకు జాబంతటిలో మింగుడుపడనిది ఈ చివరి మాటే. నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడే ఆగాల్సింది.

'నిరీక్షణ' అన్న మాట పేరాకు రెండుసార్లు వస్తోంది. సగానికి సగం కొట్టెయ్యి. తొలి రోజుల్లో నేనూ అంతే, చెప్పడానికి సరుకు లేనప్పుడల్లా పెద్ద మాట వాడేవాణ్ణి. తోట గురించి రాయి. చెట్టు నాటినవాడు కాయ కోసేదాకా అక్కడే ఉండడానికి ఒప్పుకున్నట్టే కదా.

32వ అధ్యాయం కూడా చదువు. బబులోను సేన యెరూషలేమును ముట్టడించింది, ప్రవక్త బందీగా ఉన్నాడు. అలాంటప్పుడు తన సొంతూరు అనాతోతులో పొలం కొన్నాడు! 17 తులాల వెండి తూచి ఇచ్చి, సాక్షులను పెట్టి, క్రయపత్రాలు చాలాకాలం ఉండాలని మట్టికుండలో పెట్టించాడు.

ఆ కుండతో మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. అక్షరాలు కాస్త పెద్దవిగా రాయి, నా చూపు మందగించింది.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య