ఖాళీ పికప్ కుదుపు షాకులు, టైర్లు మారిస్తే తగ్గుతుందా?

కొరాపుట్ నుంచి తెచ్చిన అల్లం సాలూరులో దింపి ఖాళీగా తిరిగొస్తుంటే నడుం విరిగిపోతోంది, షాకులూ (షాక్ అబ్జార్బర్లు) టైర్లూ మార్చాలా అని అడిగారు. కొంత తగ్గుతుంది గానీ కారులా మాత్రం అవదు. వెనక కమాన్ పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) లోడు మోయడానికి పెట్టినవి. ఖాళీ బండికి అవి పెద్దగా వంగవు, దెబ్బంతా సీటుకే.

షాకు బరువు మోయదు, పట్టీ ఊపుని ఆపుతుంది, అంతే. మొదట బంపరు గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి లేచి ఆగితే పర్లేదు, ఊగుతూనే ఉంటే అది అయిపోయినట్టే. మా బండికి షాకు ఒంటిమీద నూనె కారి, ఎర్రదుమ్ము అట్టకట్టింది, ఇక పరీక్షెందుకు? మారిస్తే రెండువైపులా మార్చండి. పనిలో పనిగా పట్టీల చివర ఉండే రబ్బరు బుష్‌లు కూడా చూడమనండి.

టైర్లు కొనేముందు గాలి చూసుకోండి. లోడుకి కొట్టించిన గాలితోనే ఖాళీగా తిరుగుతారు చాలామంది, కుదుపు ఇంకా పెరిగేది అక్కడే. టైరు చల్లగా ఉన్నప్పుడు, కంపెనీ ఖాళీ బండికి చెప్పిన లెక్కకి తగ్గించండి. లోడెక్కించే ముందు మళ్లీ నింపాలి సుమా, గాలి తక్కువైతే దారిలోని సుంకి ఘాటీ కొండరోడ్డులో వేడెక్కి పేలే ప్రమాదం ఉంది. టైరు పక్కన 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారీ. అంత ముదిరిన రబ్బరు గట్టిపడిపోతుంది, దాన్ని మార్చాల్సిందే.