ట్రైనింగ్ తీసుకోండి, కానీ మీరొక్కరే కాదు

మీ బాబుకి ఐదేళ్లని, ఆటిజం అని తేలిందని, నెల్లూరు నుంచి చెన్నై వచ్చి మూడు నెలలే అయిందని రాశారు. స్కూల్ వాళ్లేమో షాడో టీచర్‌ని (క్లాసులో బాబు పక్కనే ఉండి సాయం చేసే మనిషిని) పెట్టుకోండి, లేదంటే వేరే స్కూల్ చూసుకోండి అంటున్నారు. ఈ పరిస్థితిలో పేరెంట్ ట్రైనింగ్‌కి, అంటే పిల్లాడితో ఇంట్లో ఎలా మెలగాలో మనకి నేర్పే దానికి డబ్బు పెట్టాలా, ఆ డబ్బుతో ఇంకో రెండు థెరపీ సెషన్లు పెంచుకోవాలా అని మీ ప్రశ్న. మా వాడికిప్పుడు పదకొండేళ్లు, మేమూ ఇవన్నీ చెన్నైలోనే పడ్డాం. ట్రైనింగ్ తీసుకోండి.

మా వాడికి వారానికి 3 గంటలు థెరపీ ఉండేది. మెలకువగా ఉండే మిగతా 90 పైచిలుకు గంటలు ఇంట్లో మాతో, స్కూల్లో టీచర్లతో. థెరపిస్ట్ అక్కడ ఏం నేర్పిస్తున్నారో మాలో ఎవరికీ తెలీదు, అందుకే అక్కడ చేసింది ఇంటికొచ్చాక చేసేవాడు కాదు.

ట్రైనింగ్‌లో మొదట నేర్పింది ఆగడం. మా అత్తయ్య వాడు అడక్కముందే నీళ్లు, బిస్కెట్టు, కావాల్సిన బొమ్మ అన్నీ చేతికిచ్చేసేవారు, ప్రేమతోనే. నీళ్ల సీసా కనిపించేలా అందకుండా పెట్టి, వాడు మీ వైపు చూసేదాకా మనసులో ఐదు లెక్కపెట్టండి అన్నారు. ఆవిడకి అది చాలా కష్టమైంది, కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మూడో వారంలో వాడు సీసా బొమ్మ ఉన్న కార్డు తెచ్చి ఆవిడ చేతిలోనే పెట్టాడు. ఆ తర్వాత కొన్నాళ్లకి "నీ" అన్నాడు. స్కూల్లో తణ్ణి, ఇంట్లో నీళ్లు, కార్డు మాత్రం రెండు చోట్లా ఒకటే.

భాష గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీకూ ఎవరో ఒకరు చెప్తారు. ఇంట్లో ఇంగ్లీష్ ఒక్కటే మాట్లాడండి అని మాకొక డాక్టర్ అంటే ఏడాది పాటు అలాగే చేశాం. ఇంగ్లీష్ రాని అత్తయ్య వాడితో మాట్లాడటమే మానేశారు. రెండు భాషలు వింటే ఆటిజం ఉన్న పిల్లలకి మాటలు ఇంకా ఆలస్యమవుతాయని పరిశోధనల్లో ఎక్కడా తేలలేదు. ఆ ఏడాది తలుచుకుంటే నాకిప్పటికీ బాధే. మీ బాబుతో తెలుగులోనే మాట్లాడండి.

ఇక స్కూల్ సంగతి. మా వాడు రోజూ పదిన్నర దాటాక అరుస్తున్నాడని డైరీలో రాసి పంపేవాళ్లు. ఎప్పుడు, దానికి ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత మీరేం చేశారు అని నాలుగు గడుల కాగితం ఒకటి ఇచ్చి రెండు వారాలు నింపమని క్లాస్ టీచర్‌ని బతిమాలాను. చూస్తే సంగతంతా ఇంటర్వెల్ బెల్లు దగ్గరుంది. బెల్లు మోగుతుందన్న భయానికి అరిచేవాడు, అరిస్తే ఆయమ్మ బయటికి తీసుకెళ్లేది, బయట ప్రశాంతంగా ఉండేది, కాబట్టి మర్నాడు ఇంకాస్త ముందే అరిచేవాడు. చెవి బొమ్మ కార్డు ఒకటి ఇచ్చి, అది చూపిస్తే బెల్లుకి రెండు నిమిషాల ముందే బయటికి పంపేలా మాట్లాడుకున్నాం. నెల తిరిగేసరికి అరుపులు దాదాపు ఆగిపోయాయి. షాడో టీచర్ అవసరం రాలేదు. అందరికీ ఇలాగే అవుతుందని అనను, కానీ ఆ కాగితం నింపకుండా మనిషిని పెడితే మా వాడి భయం ఎవరికీ తెలిసేది కాదు.

ప్రిన్సిపాల్‌ని అడిగితే టీచర్లకి నేర్పడానికి మా ట్రైనర్‌కి ఒక శనివారం గంట టైమ్ ఇచ్చారు. ఆయమ్మలని కూడా కూర్చోబెట్టమని పట్టుబట్టండి. పిల్లాడు ఏడ్చినప్పుడు ముందు వెళ్లేది వాళ్లే, ట్రైనింగ్ అనగానే అందరూ మర్చిపోయేదీ వాళ్లనే.

వేరే స్కూల్ చూసుకోమంటే భయపడకండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఒకటి. గుర్తింపు ఉన్న స్కూళ్లు వివక్ష లేకుండా చేర్చుకోవాలని, పిల్లల అవసరాన్ని బట్టి సర్దుబాట్లు చేయాలని అందులో ఉంది. యూడీఐడీ కార్డుకి (ప్రభుత్వం ఇచ్చే వికలాంగుల గుర్తింపు కార్డు) ఇప్పుడే అప్లై చేయండి.

ట్రైనర్‌ని ఎంచుకునేటప్పుడు ఆర్‌సీఐ (ఈ రంగంలో పనిచేసేవాళ్లని నమోదు చేసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, మొహమాటపడకండి. ఇంట్లో మీరు చేసేది చూసి సరిదిద్దుతారా అనీ అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి పిల్లల తల్లిదండ్రుల కోసం తయారుచేసిన కోర్సులో 9 గ్రూప్ సెషన్లతో పాటు 3 సార్లు ఇంటికి రావడం కూడా ఉంటుంది. మా ట్రైనర్ ఇంటికి వచ్చేవారు కాదు, ఫోన్లో వీడియో తీసి చూపించేవాళ్లం, అదీ పనిచేసింది.

డబ్బు టెన్షన్ ఉంటే ముందు ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద ముట్టుకాడులో ఉన్న నిప్‌మెడ్‌కి (NIEPMD) వెళ్లండి, వికలాంగుల కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ. పాత రిపోర్టులన్నీ పట్టుకుని పొద్దున్నే బయల్దేరండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లనీ తీసుకెళ్లండి.