ఫోన్ పెట్టేయ్, మెయిలు రాయి

చిరంజీవి నానికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నీ వాషింగ్ మెషిన్ గొడవ మీ అమ్మ చెప్పింది. కొన్న కొత్తలోనే డ్రమ్ము గీరుకుపోతోందని కస్టమర్ కేర్‌ చుట్టూ తిరగడం ఒక ఎత్తు, విసిగిపోయి గూగుల్లో దొరికిన ఏదో నంబరుకి కాల్ చేస్తే అవతలివాడు "పది రూపాయలు కట్టండి సార్, ఈ యాప్ వేసుకోండి" అనడం ఇంకో ఎత్తు. నేనుండే బెంగళూరులోనే మారతహళ్ళిలో ఉంటూ, ముందు నన్నొక మాట అడగొచ్చు కదరా! సరే, యాప్ వేసుకోకుండా కట్ చేశావు, బతికిపోయావు. అది వేసుకుంటే నీ స్క్రీనంతా వాడి కళ్ళముందే ఉంటుంది. ఓటీపీ వస్తే నీకంటే ముందు వాడే చదువుకుంటాడు. కస్టమర్ కేర్ నంబరు బిల్లు మీదో, కంపెనీ సొంత యాప్‌లోనో చూసుకోవాలి గానీ గూగుల్లో వెతక్కూడదు.

నా సర్వీసంతా బ్యాంకు కౌంటర్లోనే గడిచింది కాబట్టి చెబుతున్నా. నిన్ను తిప్పించుకునే కంపెనీకీ, నిన్ను ముంచాలని చూసే దొంగకీ కావలసింది ఒకటే, నువ్వు ఫోన్లో మాట్లాడుతూ ఉండటం. ఫోన్లో అన్నమాటకి రుజువుండదు, అది కంపెనీకి హాయి. ఫోన్లో ఉన్నంతసేపూ నీకు ఆలోచన తోచదు, అది దొంగకి హాయి. అందుకని డబ్బు సంగతి ఏదైనా సరే రాతలోకి లాగు.

మెయిల్లో "ప్లీజ్ హెల్ప్" అని బతిమాలకు, తిట్లూ వద్దు. ఆర్డర్ నంబరు, బిల్లు తేదీ, కట్టిన సొమ్ము, లోపమేమిటి, టెక్నీషియన్ ఎప్పుడొచ్చి ఏమన్నాడు, ఇంతే. ఆ కింద అసలు వాక్యం రాయి: "ఫలానా తేదీలోగా మెషిన్ మార్చండి, లేదా డబ్బు వాపసు చేయండి." చాలామంది కోపమంతా రెండు పేజీలు రాసి, ఏం కావాలో మాత్రం రాయరు. చప్పుడు వినబడేలా వీడియో తీసి జత చెయ్యి. ఆన్‌లైన్లో కొన్నావు కాబట్టి ఆ సైటు గ్రీవెన్స్ ఆఫీసర్‌కి, అంటే ఫిర్యాదులు చూసే అధికారికి, పంపు. ఆ పేరు సైటు అడుగున ఎక్కడో చిన్నక్షరాల్లో ఉంటుంది, ఓపిగ్గా వెతుక్కో. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలరోజుల్లో తేల్చాలి.

"అమ్మిన సరుకు వెనక్కి తీసుకోం" అని బిల్లు మీద అచ్చేసి ఉంటే బెదరకు. లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోగా, గడువే రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకోననడం 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పు. బిల్లు ఇవ్వకపోవడమూ తప్పే. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా" అన్న షాపులో కొనకు, రేపు ఏం పట్టుకుని అడుగుతావు?

మెయిలుకి కదలకపోతే 1915కి ఫోన్ చెయ్యి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు. వాళ్ళకి తీర్పు చెప్పే అధికారం లేదు గానీ, వాళ్ళు కంపెనీని అడిగితే పెద్ద కంపెనీలు చాలావరకు దారికొస్తాయి. అప్పటికీ రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వెయ్యి. మా ఫ్రిజ్ విషయంలో షాపువాడు సర్వీస్ సెంటర్ మీదికి, సర్వీస్ సెంటర్ కంపెనీ మీదికి తోసుకుంటూ ఉంటే ముగ్గురి మీదా కలిపి అక్కడే కేసు వేశాను. నోటీసు అందాక రాజీకొచ్చారు. లాయరు అక్కర్లేదు. వస్తువుకి కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. కంపెనీ ఎక్కడున్నా నువ్వుండే బెంగళూరులోనే వెయ్యొచ్చు, 2 ఏళ్ళలోగా వెయ్యాలి. ఇప్పుడైతే ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్లో ఇంట్లో కూర్చునే వేసుకోవచ్చు. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది గానీ దాన్ని నమ్ముకోకు, వాయిదాలు పడతాయి.

ఇంకోటి. కోపంలో ఎక్స్‌లో కంపెనీని ట్యాగ్ చేసి నీ ఫోన్ నంబరు పెట్టకు. కంపెనీకంటే ముందు దొంగే వస్తాడు, కంపెనీ లోగో పెట్టుకుని "సారీ సార్, రిఫండ్ పంపిస్తాం" అంటూ. రిఫండ్ తీసుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పిన్ అడిగారంటే డబ్బు పోతోందనే అర్థం.

రాత్రికి బెస్కాం (మన బెంగళూరు కరెంటు కంపెనీ) కరెంటు కట్ చేస్తుందని వచ్చే మెసేజీలు, అద్దె ఇల్లు చూపించకుండానే టోకెన్ అడ్వాన్స్ వెయ్యమనే దొంగ ఆర్మీ ఆఫీసర్లు, ఇవన్నీ ఈ తానులో గుడ్డలే. వీడియో కాల్లో పోలీసు డ్రెస్సు వేసుకుని "డిజిటల్ అరెస్ట్" అంటే నవ్వి పెట్టేయ్, మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. ఈ సంగతి ఊళ్ళో మీ అమ్మకీ నాన్నకీ కూడా చెప్పు, ఖాకీ చూస్తే వాళ్ళు హడలిపోతారు.

ఒకవేళ డబ్బు పోయిందే అనుకో, సిగ్గుపడుతూ కూర్చోకు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చెయ్యి, సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టి ఆ ఫిర్యాదు నంబరు దాచుకో, బ్యాంకుకీ చెప్పు. డబ్బు ఖాతాలు మారిపోకముందే ఆపగలిగితే ఆపుతారు, అందుకే నిమిషాలు లెక్క. నీ తప్పేమీ లేకుండా బయటివాడు లాగేస్తే, 3 పనిదినాల్లో చెబితే నీకు నష్టం ఉండకూడదని రిజర్వ్ బ్యాంకు 2017లోనే చెప్పింది. ఓటీపీ నువ్వే చెప్పి ఉంటే నష్టం నీదే, కానీ బ్యాంకుకి చెప్పాక పోయింది మాత్రం బ్యాంకుది. అందుకని చెప్పిన టైముకి మెసేజో మెయిలో ఉండాలి. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు ఆంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు.

శనివారం విజయనగర్‌లో మా ఇంటికి రా, ఆ మెయిలు ఇద్దరం కూర్చుని రాద్దాం. బిల్లు ప్రింటు తీసుకురా, మా ప్రింటర్లో ఇంకు అయిపోయింది. మధ్యాహ్నం భోజనం ఇక్కడే.

ఇట్లు,
మీ పెద్దమ్మ